శాంపిలమ్మ రంగు

"చెయ్యి వెల్లకిలా పెట్టు అత్తా," అన్నాడు మేకప్ మేస్త్రి.

శాంపిలమ్మ పొట్టి స్టూలు మీద కూర్చుని ముంజేతిని అద్దం ముందున్న బల్ల మీద చాపింది. ఎండ తగిలే పైవైపు పనికిరాదు, లోపలివైపే కావాలి. మేస్త్రి తన ఎడమచేతి వెనక ముదురు గోధుమరంగు బఠాణీ గింజంత పెట్టుకున్నాడు. దానికి కాస్త పసుపు రంగు, అంతకంటే తక్కువ ఎరుపు, సూదిమొనతో తీసినంత నలుపు చేర్చి పలచటి కత్తితో మెదిపాడు. ఆ చేతిని తెచ్చి ఆమె చేతికి ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. అద్దం చుట్టూ ఉన్న బల్బుల వేడికి నూనె వాసనా తడి స్పాంజి వాసనా కలిసిపోయి గదిలో ఊపిరాడకుండా ఉంది. పెద్ద కుర్చీలో వెనక్కి వాలిన హీరోయిన్ కళ్ళు మూసుకుని, ఈ కలపడం ఎప్పటికి తెములుతుందా అన్నట్టు కాలు ఊపుతోంది.

అతను నిజానికి ఇళ్ళు కట్టే మేస్త్రి కాడు. మొహాలకు సున్నం కొట్టేవాడని మొదట్లో ఎవరో వేళాకోళం చేస్తే ఆ మాట అతనికి అంటుకుపోయింది. ఆ కసి తీర్చుకోవడానికో ఏమో అతను కనిపించిన వాళ్ళందరికీ పేర్లు పెట్టేవాడు. ఈవిడను శాంపిలమ్మ అన్నదీ అతనే.

ఆ సీరియల్ రాళ్ళ క్వారీలో పనిచేసే ఒక ఆడమనిషి కథ. ఊరంతా అతికించిన పోస్టర్ల మీద 'ఇది మీ కథే' అని రాసుంటుంది. హీరోయిన్‌ది మీగడ లాంటి ఒళ్ళు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషి అలా ఉండదు గనక ఆమెకు రోజూ రంగు వెయ్యాలి. మొదటిరోజు మేస్త్రి వేసిన రంగులేవీ డైరెక్టరుకు నచ్చలేదు. ఒకటి బూడిద పూసినట్టుందన్నాడు, ఇంకొకటి ఇత్తడి గిన్నెలా ఉందన్నాడు. విసిగిపోయి అటూ ఇటూ చూస్తే, గోడవారన సీను కోసం టీ ట్రే పట్టుకుని నిలబడ్డ ఈవిడ కనిపించింది. "అదిగో, ఆ రంగు కావాలి," అన్నాడు.

రంగు అంతగా నచ్చినప్పుడు ఆ రంగున్న మనిషినే పెట్టుకుంటే పోయేది గదా అని అక్కడ ఎవరికీ తోచలేదు. ఆ రంగున్న పడుచుపిల్లలు జూనియర్ ఆర్టిస్టుల వ్యానులో బోలెడుమంది. రోజూ దిగి, గుంపులో నిలబడి, మళ్ళీ అదే వ్యానెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, శాంపిలమ్మకు కూడా తోచలేదు. ఆ రోజు ఆమెకు తోచిందల్లా ఇక పొద్దున్నే కాసేపు నీడపట్టున కూర్చోవచ్చని.

అప్పటినుంచి ఆమె చెయ్యి రోజూ ఆ బల్ల మీదికి రావలసిందే. కలిపిన రంగును మేస్త్రి ఒక చిన్న రేకుడబ్బాలో దాచి, మూత మీద 'శాంపిలమ్మ' అని తెల్లకాగితం అంటించాడు. డబ్బాలో నిలవున్న రంగు ఎండి ముదురుతుంది. అందుకని రోజూ ఆమె చేతితో సరిచూసుకుంటాడు.

"ఇదేంటత్తా, ఇవాళ నీ రంగు తేలిపోయిందేంటి?" అన్నాడు మేస్త్రి. "పౌడరేమన్నా పూశావా?"

"ఈ వయసులో నాకు పౌడరొక్కటే తక్కువ."

"మరి చూడు, నిన్నటి డబ్బాకీ నీకూ పొంతన లేదు. మరీ పాలిపోయి ఉన్నావు."

"బల్బులేమన్నా మార్చారేమో చూడు నాయనా."

మేస్త్రి బల్బులకేసి చూశాడు. ఆమె చేతికేసి చూశాడు. రంగుల్లో తేడా పసిగట్టడంలో అతనికి వంక పెట్టలేం. కానీ ఆ చూపు చర్మం దగ్గరే ఆగిపోతుంది, లోపలి మనిషిదాకా పోదు. ఏళ్ళ తరబడి చేసిన పని అలా అలవాటు చేసింది. "సరే, నిన్నటి డబ్బానే నయం," అని, చేతి మీద కలిపినదంతా గుడ్డకు తుడిచేశాడు.

శాంపిలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో దాచుకుంది. ఆ చెయ్యి తెల్లవారుజామునుంచి లాగుతోంది. మెట్లు దిగేటప్పుడు గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టయింది. వ్యానులో చల్లటి చెమటలు పోస్తే, పక్కనున్న పొడుగామె చూడకుండా కొంగుతో తుడుచుకుంది. పొడుగామె ఆమెతో పాటు ఏళ్ళుగా గుంపుల్లో నిలబడే మనిషి. చూస్తే ఊరుకోదు, నలుగురికీ చెబుతుంది. జూనియర్ ఆర్టిస్టులను తెచ్చే ఏజెంటు చెవిన పడితే ఇంకేమన్నా ఉందా. జబ్బు మనిషిని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాడు. ఇంకో రోజైతే శాంపిలమ్మ కూడా పోనీలే అని ఇంటికి వెళ్ళి పడుకునేదే. ఇవాళ మాత్రం చచ్చినా వెళ్ళదు. ఇవాళ ఆమెకు డైలాగుంది.

హీరోయిన్ పక్కకు చానల్ ఆఫీసు అమ్మాయి వచ్చి నిలబడింది. ఖరీదైన చెప్పులు, మెడలో వేలాడే కార్డు, చేతిలో ఫోను. హీరోయిన్ మేకప్ వేయించుకోవడం వీడియో తీసి జనానికి చూపించాలట. మేస్త్రి స్పాంజి ముంచి హీరోయిన్ నుదుటి మీద మొదటి పట్టీ వేశాడు. మీగడ మీద శాంపిలమ్మ రంగు పరుచుకుంది.

"ఈ రంగు వేసుకున్నాకే వాళ్ళ బాధ నాకు తెలిసింది," అంది హీరోయిన్ ఫోనుకేసి చూస్తూ. "మొన్న దీంతోనే బయటికెళితే కొట్టువాడు నాతో మాట్లాడిన తీరే వేరు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఇలాంటి వాళ్ళని తెర మీద ఎవరూ చూపించరు. మేం చూపిస్తున్నాం."

ఆ పిల్ల అబద్ధమేమీ చెప్పలేదు. నిజంగానే ఏడ్చింది, ఆ మర్నాడు శాంపిలమ్మను కౌగలించుకుని మరీ చెప్పింది. మంచి పిల్లే.

"ఆంటీ, కొంచెం పక్కకి జరుగుతారా? ఫ్రేములో పడుతున్నారు," అంది చానలమ్మాయి.

శాంపిలమ్మ స్టూలుతో సహా పక్కకు జరిగింది. ఫ్రేములో పడకుండా జరగడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

ఆమె ఆ పనిలోకి వచ్చినప్పుడు కూతురు ఇంకా చంకలో ఉంది. అప్పటినుంచి ఎన్ని పెద్దిళ్ళలో పనిమనిషిగా అంట్లు తోమిందో, ఎన్ని ఆస్పత్రుల్లో నేల తుడిచిందో, ఎన్ని జైళ్ళలో ఊచల వెనక కూర్చుందో లెక్కలేదు. శవం పక్కన ఏడవడానికి ఆమెను ప్రత్యేకంగా పిలిచేవాళ్ళు. తలవంచుకుని మొహం కనపడకుండా భుజాలు మాత్రం కదిలేలా ఏడుస్తుందని మంచి పేరు. మురికివాడ అంటే ఆమె ఉండాలి. పెళ్ళి భోజనాల సీనంటే మాత్రం ఏజెంటు ఆమెను వ్యానులోంచి దించేవాడే కాదు. "అవి పెద్దింటి పెళ్ళిళ్ళు, నువ్వక్కడ సరిపోవు," అనేవాడు. ఆమె సరేనని కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ఇన్నేళ్ళలో ఆమె మొహం ఒక్కసారి కూడా తెర మీద నిలబడలేదు.

ఇంట్లో మాత్రం దీన్నొక పండగలాగే చేసుకునేవాళ్ళు. సీరియల్ వస్తుంటే ముగ్గురూ టీవీ ముందు చేరేవాళ్ళు. అమ్మమ్మ, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే కూతురు, పిచ్చుక అని పిలుచుకునే మనవరాలు. "అదిగో, ఆ ట్రే పట్టుకున్న మోచెయ్యి నాదే," అని శాంపిలమ్మ చూపించేది. "ఏదీ ఏదీ," అనేలోపు మోచెయ్యి వెళ్ళిపోయేది. కూతురు నవ్వి, "మా అమ్మ మోచేతికి అవార్డివ్వాలి," అనేది. పిచ్చుక చిన్నప్పుడు మోచేతికే చప్పట్లు కొట్టేది.

ఇప్పుడు పిచ్చుక చిన్నపిల్ల కాదు. బడికెళుతోంది. మా అమ్మమ్మ టీవీలో ఉంటుందని క్లాసులో చెప్పింది. వాళ్ళ వీధి చివర ఇంట్లో ఉండే రెండుజడల పిల్ల లేచి, "అబద్ధం, ఆ రంగు వాళ్ళు టీవీలో ఉండరు, ఉంటే నాకు కనపడేవాళ్ళుగా," అంది. క్లాసంతా నవ్వింది. తప్పు పిల్లదేమీ లేదు, చూసిందే చెప్పింది. పిచ్చుక ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా బట్టల సబ్బు తీసుకుని మొహం తోముకోవడం మొదలుపెట్టింది. శాంపిలమ్మ వెళ్ళేసరికి బుగ్గలు గీరుకుపోయి మంటలు పుడుతున్నాయి.

"అమ్మమ్మా, మన మొహాలు టీవీలో పట్టవా?" అని అడిగింది పిచ్చుక.

"నోరు మూసుకుని అన్నం తిను," అంది కూతురు. ఆ కసురులో కోపం లేదు. అదే ప్రశ్న ఆమె కూడా చిన్నప్పుడు అడిగింది, జవాబు రాలేదు.

శాంపిలమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తనను ఎవరు ఏమన్నా దులుపుకుని పోయే మనిషి. పసిదాని బుగ్గల మీద ఆ ఎరుపును మాత్రం దులుపుకోలేకపోయింది. మర్నాడు పొద్దున్న బల్ల మీద చెయ్యి పెట్టి, "నాయనా, డైరెక్టరుగారితో ఒక మాట చెప్పవా. ఒక్కసారి నా మొహం చూపించమను. ఒక్క మాట చాలు," అంది. నోరు తెరిచి అడగడం ఆమె జన్మలో అదే మొదలు. ఆమె సరదాకి అంటోందనుకుని మేస్త్రి నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆపి, వెళ్ళి చెప్పాడు. డైరెక్టరు మంచి మూడ్‌లో ఉన్నాడు. "కుళాయి దగ్గర ముసలామె డైలాగుందిగా, అది ఇచ్చెయ్. క్లోజప్ పెడదాం, నేచురల్‌గా ఉంటుంది," అన్నాడు.

అలా వచ్చింది ఆ డైలాగు. కుళాయి దగ్గర హీరోయిన్ ఏడుస్తూ నిలబడితే, పక్కనున్న ముసలామె అనాలి: 'ముందు బకెట్టు నింపుకో. ఏడుపు ఇంటికెళ్ళాక ఏడుద్దువుగాని.' ఎవరు రాశారో గానీ, అది తన నోట్లోంచి తీసి రాసినట్టే ఉందనిపించింది శాంపిలమ్మకు. మొగుడు పోయినప్పుడు తనకు తాను చెప్పుకున్నది అదే. పొయ్యి దగ్గర అనుకుంది, వ్యానులో అనుకుంది, కూతురి మీదా పిచ్చుక మీదా ప్రయోగించింది. పిచ్చుక ఆ మాట విని విని, హోంవర్కు చెయ్యమంటే, "ముందు బకెట్టు నింపుకుంటానులే," అనడం నేర్చింది. రెండుజడల పిల్లకు కూడా సవాలు విసిరొచ్చింది, మా అమ్మమ్మ మొహం వస్తుంది, చూస్తూ ఉండు అని.

హీరోయిన్ మేకప్ పూర్తయి బయటికి వెళ్ళాక ఏజెంటు తలుపులోంచి తొంగిచూశాడు. లావుపాటి మనిషి, మాట్లాడేటప్పుడు కూడా ఫోను చెవి దగ్గరే ఉంటుంది.

"ఏంటి నీ వాలకం? మొహం పీక్కుపోయింది. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది బాబూ."

"బాగాలేకపోతే ఇప్పుడే చెప్పు, పొడుగామెను పెడతాను. కెమెరా ముందు పడిపోతే నా పీక మీదికొస్తుంది."

"రాత్రి నిద్ర లేదు, అంతే. డైలాగు భయం."

ఆ మాటకు ఏజెంటు నవ్వి, మేస్త్రికేసి తిరిగాడు. "ఈమెక్కూడా కాస్త పూసెయ్. తెల్లగా పాలిపోయినట్టుంది, హీరోయిన్ పక్కన తేడా కొడుతుంది."

"ఏం పూయను?"

"డబ్బా ఉందిగా. ఆమె రంగు ఆమెకే పూయి."

శాంపిలమ్మ మొదటిసారి పెద్ద కుర్చీలో కూర్చుంది. కుర్చీ మెత్తగా లోపలికి లాక్కుంది. ఇన్నాళ్ళూ పక్కనుంచి చూసిన అద్దం ఇప్పుడు ఎదురుగా ఉంది, బల్బులన్నీ తన కోసమే వెలుగుతున్నాయి. అద్దంలో కనిపించిన మొహాన్ని చూసి ఆమె జంకింది. పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళ కింద చర్మం ఆరిన బొగ్గు మీది పొడిలా తెల్లబారి ఉంది. ఒక్క క్షణం చెప్పేద్దామా అనుకుంది. గుండెలో నొప్పిగా ఉంది నాయనా, అని అంటే చాలు, మేస్త్రి వదిలిపెట్టడు, వెంటనే ఆస్పత్రికి పంపించేస్తాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పిచ్చుక బుగ్గలు గుర్తొచ్చాయి. నోరు మూసుకుంది.

మేస్త్రి డబ్బా మూత తీసి, మూడు వేళ్ళతో రంగు తోడి, ఆమె నుదుటి మీదా బుగ్గల మీదా మెత్తగా అద్దాడు. చల్లగా ఉంది. తనను ఎవరైనా అంత నెమ్మదిగా తాకి ఎన్నేళ్ళయిందోనని ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. కాసేపటికి అద్దంలో పాలిపోయిన మనిషి మాయమై నిన్నటి మనిషి వచ్చి కూర్చుంది. పెదవులక్కూడా కాస్త ఎరుపు తగిలించాడు.

"ఇదిగో, ఇప్పుడు నీలాగే ఉన్నావు," అన్నాడు మేస్త్రి వెనక్కి జరిగి చూసుకుంటూ. తన పనితనం తనకే నచ్చింది. ఆ రంగు దేన్ని కప్పిందో అతనికి తెలియదు.

సెట్టులో ప్లైవుడ్డు గుడిసెలు ఒక వరసలో ఉన్నాయి. వాటి గోడల మీది మురికి కూడా రంగే. ఒక్క కుళాయి మాత్రం నిజంది, తిప్పితే నీళ్ళొస్తాయి. నేల మీద తెల్లటేపు ముక్క అంటించి, "ఇక్కడ నిలబడండి," అన్నారు. శాంపిలమ్మ టేపు మీద పాదాలు పెట్టింది. పెద్ద లైట్లు వేశాక చెవుల్లో చిన్న హోరు మొదలైంది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి, తనది కానట్టు వేలాడుతోంది. కుడిచేత్తో బకెట్టు పట్టుకుంది.

కెమెరా తనకేసి తిరగడం ఆమె చూసింది. ఎన్నో ఏళ్ళు దాని పక్కన నిలబడ్డ మనిషికి అది ఎటు చూస్తోందో ఎవరూ చెప్పక్కర్లేదు. నల్లటి గాజు కన్ను సూటిగా ఆమె మొహంలోకి చూసింది.

హీరోయిన్ ఏడ్చింది. శాంపిలమ్మ ఆమెకేసి చూసింది. ఎదురుగా తన రంగులో, తనలాంటి ముతక బట్టల్లో, నున్నటి చెంపలతో ఒక పడుచుపిల్ల ఏడుస్తోంది. ఆ క్షణంలో ఆమెకు హీరోయిన్ కనిపించలేదు. సబ్బు నురగతో నిలబడ్డ పిచ్చుక కనిపించింది.

"ముందు బకెట్టు నింపుకో," అంది. ఊపిరి చాలక మధ్యలో ఆగింది. "ఏడుపు... ఇంటికెళ్ళాక ఏడుద్దువుగాని."

హీరోయిన్ నిజంగానే గతుక్కుమని ఏడుపు ఆపేసి, అప్రయత్నంగా బకెట్టు కుళాయి కింద పెట్టింది. డైరెక్టరు చాలాసేపు కట్ చెప్పలేదు. చెప్పాక, "అబ్బ, ఆ మధ్యలో ఆగడం బాగుంది," అన్నాడు. ఆ ఆగడం ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు.

అందరూ కెమెరాకు కలిపిన చిన్న టీవీ తెర దగ్గర మూగి, తీసింది మళ్ళీ చూసుకున్నారు. శాంపిలమ్మ టేపు మీదే నిలబడింది. కదలమని ఎవరూ చెప్పలేదు. ఆమె పక్కనున్న గుడిసె గోడకు ఆనుకునే చానలమ్మాయి డైరెక్టరుతో మాట్లాడింది. ఆమె ఉందని గొంతు తగ్గించలేదు. కుర్చీ ఉందని ఎవరూ గొంతు తగ్గించరు గదా.

"చాలా బాగుంది సర్. కానీ ఆవిడ మొహం మరీ నిజంగా ఉంది."

"ఉంటే?"

"జనం అన్నం తింటూ చూస్తారు సర్. అంతసేపు అలాంటి మొహం ఉంటే చానల్ మార్చేస్తారు. మావాళ్ళు ఒప్పుకోరు. డైలాగుంచుదాం, హీరోయిన్ మొహం మీద పెడదాం. గొంతు కూడా మరీ బొంగురుగా ఉంది, డబ్బింగులో చూసుకోవచ్చు."

"మనం తీసేదే ఇలాంటి వాళ్ళ కథ కదమ్మా."

"కథ వాళ్ళదే సర్. చూసేది మనవాళ్ళు."

డైరెక్టరు తల గోక్కున్నాడు. "సరే, రెండు రకాలుగానూ తీస్తాను. ఏది ఉంచాలో ఎడిటింగులో చూద్దాం," అన్నాడు. కెమెరా హీరోయిన్‌ వైపు తిరిగింది. శాంపిలమ్మను టేపు మీంచి పక్కకు జరిపారు. ఆమె మళ్ళీ అదే మాట అంది, ఈసారి ఆమె మోచెయ్యీ బకెట్టూ మాత్రమే కెమెరాలో పడ్డాయి.

మేకప్ గదికి తిరిగొచ్చేసరికి ఆమె కాళ్ళు ఈడ్చుకుంటోంది. మేస్త్రి హీరోయిన్ మొహానికి నూనె రాసి గుడ్డతో తుడుస్తున్నాడు. గుడ్డ మీద శాంపిలమ్మ రంగు ముద్దలుగా వస్తోంది, కింద మీగడ బయటపడుతోంది. హీరోయిన్ అద్దంలోంచే నవ్వి, "ఆంటీ, భలే చెప్పారు. నాకు ఒళ్ళు జలదరించింది," అంది. తన సీసాలోని నీళ్ళు ఇచ్చింది. శాంపిలమ్మ రెండు గుక్కలు తాగింది.

"నా మొహం తీశారు నాయనా," అంది మేస్త్రితో.

"తీశారత్తా. నేను చూశాగా."

చానలమ్మాయి అన్నది అతనూ విన్నాడు, ఆమె కూడా విన్నది. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"రా, తుడిచేస్తాను."

"వద్దు."

"దురద పెడుతుందత్తా. ఒంటికి మంచిది కాదు."

"ఇంటిదాకా ఉండనీ. మా పిచ్చుకకు చూపించుకోవాలి. టీవీలో వస్తే వస్తుంది, రాకపోతే మానె. ఇదైతే ఎవరూ తీసెయ్యలేరుగా."

మేస్త్రి గుడ్డ పక్కన పెట్టాడు. డబ్బా మూత బిగించి పెట్టెలో సర్దుకుంటూ, "రేపు పెందలాడే రా, కొత్త రంగు కలపాలి," అన్నాడు. ఆమె తలూపింది.

వ్యాను బయల్దేరేసరికి పొద్దువాలుతోంది. శాంపిలమ్మ కిటికీ పక్క సీట్లో కూర్చుని అద్దానికి తల ఆనించింది. నొప్పి ఇప్పుడు గుండెల్లో లేదు, ఎక్కడుందో కూడా చెప్పలేని విధంగా ఒళ్ళంతా పరుచుకుంది. రోడ్డు పక్క పెద్ద పోస్టరొకటి వెళ్ళిపోయింది. దాని మీద తన రంగులో హీరోయిన్ రాయి ఎత్తుకుని నవ్వుతోంది. కింద 'ఇది మీ కథే' అని ఉంది. పిచ్చుక వీధి మొదట్లో నిలబడి ఉంటుందని ఆమెకు తెలుసు. ఇవాళ చూపించమని ప్రాణం తీస్తుంది. డైలాగు చెప్పమంటుంది. చెప్పేటప్పుడు మధ్యలో ఆగాలి, డైరెక్టరుగారికి నచ్చింది అదే. ముందు బకెట్టు నింపుకో, అని మనసులో అనుకుంది. తర్వాతి మాట కోసం వెతుక్కుంది. అది నాలుక చివరే ఉంది, దొరకలేదు.

వెనక సీట్లో ఎవరో పాట పెట్టారు. "తగ్గించండే, ఆమె నిద్రపోతోంది," అంది పక్కనున్న పొడుగామె. "ఇవాళ డైలాగు చెప్పింది, అలిసిపోయుంటుంది." తిరిగి ఆమె మొహంలోకి చూసి, "మేకప్‌లో ఎంత బాగుందో చూడు, పదేళ్ళు తగ్గింది," అని ముందు సీటామెకు చూపించింది. ఆమె కూడా చూసి, నిజమే అంది. ఆ రంగు మీద ఏమీ తెలియలేదు.

వీధి మొదట్లో వ్యాను ఆగింది. పిచ్చుక అక్కడే ఉంది. ఒక్కతే లేదు, రెండుజడల పిల్లను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. కిటికీ అద్దం వెనక అమ్మమ్మ మొహం ఉంది. నున్నగా, నిండుగా, పెదవులకు ఎరుపుతో, వెలుగు పడి మెరుస్తూ ఉంది.

"చూడు," అంది పిచ్చుక. "మా అమ్మమ్మ. మేకప్‌తోనే వచ్చింది."

రెండుజడల పిల్ల మునివేళ్ళ మీద లేచి చూసింది. చాలాసేపు చూసింది. "నిజమేనే," అంది.

పిచ్చుక గర్వంగా చెయ్యి ఊపింది. అమ్మమ్మ చెయ్యి ఊపలేదు. యాక్టింగ్ చేస్తోందనుకుని పిచ్చుక ఇంకా గట్టిగా ఊపింది. లోపల పొడుగామె, "లే, మీ వీధి వచ్చింది," అని భుజం తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆ రాత్రి మొహం తుడిచింది కూతురే. ఒక్కొక్క పట్టీ పోయేకొద్దీ గుడ్డ కింద బూడిదరంగు బయటపడుతుంటే, పొద్దున ఇది ఎవరికీ కనపడలేదా అని అడిగింది. ఎవరినని అడిగిందో ఆమెకే తెలియదు. పిచ్చుక గుమ్మంలో నిలబడి, తుడవద్దు అని ఏడ్చింది.

ఆ సీను కొన్నాళ్ళకు టీవీలో వచ్చింది. తెరనిండా హీరోయిన్ మొహం, కళ్ళనిండా నీళ్ళు. ఎవరిదో తియ్యటి గొంతు, మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఏడుపు ఇంటికెళ్ళాక ఏడవమంది. పిచ్చుక హీరోయిన్‌ను చూడలేదు. తెర అంచున బకెట్టు పట్టుకున్న మోచేతిని చూసింది. అది వెళ్ళిపోయేదాకా చప్పట్లు కొట్టింది, చిన్నప్పటిలాగే.

మేస్త్రి రంగు కలపడం మానలేదు. సీరియల్ నడుస్తూనే ఉంది, హీరోయిన్‌కు రోజూ రంగు వెయ్యాలి. పొట్టి స్టూలును ఎవరో టీ గ్లాసులు పెట్టుకోవడానికి తీసుకుపోయారు. సరిచూసుకోవడానికి ఆమె చెయ్యి లేదు గనక అతను ఆ పాత డబ్బానే మూత తీసి బల్ల మీద పెట్టుకుంటాడు. కొత్తగా కలిపినదాన్ని దాని పక్కన పెట్టి ఒక కన్ను మూసి చూస్తాడు. అందులోని రంగును మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. ఆ రోజు ఆమె మొహానికి తోడిన మూడు వేళ్ళ గుంట అలాగే ఉంది, రంగు రోజురోజుకీ ఎండి ఇంకాస్త ముదురుతోంది.